అత్యవసర వైద్యులు : వారి పని, వారి శిక్షణ

ఎనిమిదవ తరగతి మొదలు పదవ తరగతివరకు గల విద్యార్థులను "మీరు పెద్దవారైన పిమ్మట ఏ వృత్తి నవలంబింప గోరుదురు?" అని యడిగినచో, పెక్కుమంది "డాక్టరు" అని చెప్పుదురు. ఏ డాక్టరని మరల ప్రశ్నించిన, గుండె డాక్టరనియు, ఎముకల డాక్టరనియు, కండ్ల డాక్టరనియు, పిల్లల డాక్టరనియు సమాధానములు వచ్చును. రాత్రి రెండు గంటలవేళ ఆసుపత్రి వాకిటనే నిలిచి, ఎవరు వచ్చినను, ఏ యాపద కలిగి వచ్చినను, మొదట చేయి వేయునట్టి డాక్టరును ఎవ్వరును పేర్కొనరు. ఆ పనికి ప్రత్యేకమైన చదువొకటి కలదని తలిదండ్రులలో గూడ ననేకులకు తెలియదు. దానిని అత్యవసర వైద్యమందురు. ఆసుపత్రులలో ఎమర్జెన్సీ మెడిసిన్ అను పేరే వాడుకలో నున్నది. మన దేశమున ఇది వేరు శాఖగా గుర్తింపు పొందినది 2009వ సంవత్సరముననే.

ఈ విషయము మనకేల యన్న ప్రశ్నకు మన యూరి యునికియే సమాధానము. కర్నూలునుండి నంద్యాల, మైదుకూరు మీదుగా కడపకును, అటనుండి చిత్తూరునకును బోవు పెద్దబాటపై ఖాజీపేట యున్నది. పగలనక రేయనక లారీలు పోవుచుండును. బాటకు ఇరుప్రక్కలను వరి, పసుపు పొలములు గలవు. పొలములలో పాములు గలవు. గట్లమీద పురుగుమందు డబ్బాలు గలవు. వేసవిలో కడపసీమ యెండ ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. మన యూరి ప్రభుత్వ వైద్యశాలలో తీరని యాపద వచ్చినప్పుడు రోగిని చెన్నూరుకడ పెన్న దాటించి కడపకు గొనిపోవలెను, లేదా ప్రొద్దుటూరి జిల్లా ఆసుపత్రికి జేర్పవలెను. దారిలో గడచిన కాలమెంత, చేరిన పిదప వాకిటనున్న వైద్యునికి గల నేర్పెంత అను రెంటిమీద ఆ రోగి బ్రదుకు ఆధారపడి యుండును. మొదటిదానిని గూర్చి మనమెల్లరము మాటలాడుకొందుము. రెండవదానిని గూర్చి యెవరును మాటలాడరు గనుక దానినే యిచ్చట వివరింప దలచితిని.

తక్కిన వైద్యులకును అత్యవసర వైద్యునికిని గల ముఖ్యభేద మొకటి కలదు. సామాన్యముగా వైద్యుడు రోగి చెప్పినది విని, పరీక్షించి, రోగము పేరు తెలిసికొని, పిమ్మట మందిచ్చును. అత్యవసర వైద్యునికి ఆ వరుస కుదరదు. రోగము పేరు తెలియుటకు ముందే అతడు రోగిని బ్రదికించుచుండవలెను. శ్వాసమార్గము తెరచియున్నదా, ఊపిరి లోనికి బోవుచున్నదా, రక్తము ప్రసరించుచున్నదా, తెలివి యున్నదా అని యీ క్రమముననే చూచి, ఎక్కడ లోపము గనబడిన నక్కడనే దానిని సరిదిద్ది, తరువాతనే ముందునకు సాగును. కాలు విరిగి యెముక బయటికి గనబడుచున్నను, ఆ గాయము చూడ భయంకరముగా నున్నను, గొంతులో రక్తము అడ్డుపడి ఊపిరాడని సంగతియే మొదట చూడవలసినది. చూపును భయపెట్టు గాయము వేరు, ప్రాణము దీయు గాయము వేరు. ఈ వివేకము పుస్తకము చదివినంతమాత్రమున రాదు.

మన సీమకు సంబంధించిన యుదాహరణ మొకటి చెప్పెదను. రాత్రి నేలమీద పరుండిన మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి యని లేచును. ఒంటిమీద గాటు కనబడదు. ఇంటివారు అజీర్ణమనుకొందురు. గంట గడచునప్పటికి కనురెప్పలు వ్రాలిపోవును, మాట ముద్దయగును, మ్రింగుట కష్టమగును, తుదకు ఊపిరి దీయు కండరములు పనిచేయవు. ఇది కట్లపాము కాటు. ఆ పాము కఱచినపుడు నొప్పి స్వల్పముగా నుండును, ఒక్కొక్కప్పుడు అసలే తెలియదు; గాటును వెదకినను దొరకదు. శిక్షణలేని వైద్యుడు దీనిని కడుపునొప్పిగనే యెంచి సూదివేసి పంపివేయుట కవకాశము కలదు. శిక్షణ పొందినవాడు "ఎక్కడ పరుంటివి? నేలమీదనా, మంచముమీదనా?" అని యడుగును, కనురెప్పలను చూచును. వెంటనే విషమునకు విరుగుడు మందు నిచ్చును. అంతటితో పని తీరదు. కట్లపాము విషము నరముల కొనలను ఒకమారు చెడగొట్టిన పిదప విరుగుడు మందు ఆ చెరుపును మాన్పజాలదు. ఆ నరములు తమంతట తాము కోలుకొనువరకు, దినములకొలది, గొంతులో గొట్టము వేసి వెంటిలేటరుతో ఊపిరి పోయవలెను. అట్లు చేసినచో ఆ మనిషి ఇంటికి నడచిపోవును. కావున గొట్టము వేయనేర్చిన చేయి ఆ గంటలో అచ్చట నుండుట, లేకపోవుట అన్నదే ప్రాణమునకు హద్దు.

రక్తపింజరి సంగతి వేరు. దాని విషమువలన రక్తము గడ్డకట్టదు. దానిని కనుగొనుటకు గొప్ప యంత్రమేదియు నక్కరలేదు. శుభ్రమైన, పొడియైన గాజుగొట్టములో కొంచెము రక్తము తీసి, కదలింపక సరిగా ఇరువది నిమిషములుంచి, పిమ్మట వంచి చూడవలెను. రక్తము గడ్డకట్టక జారినచో విషమెక్కినదని నిశ్చయము. ప్లాస్టికు గొట్టమైనచో ఈ పరీక్ష చెడిపోవును. మారుమూల వైద్యశాలలో గూడ చేయదగిన పరీక్ష యిది. కాని దీనిని జ్ఞాపకముంచుకొని, ఇరువది నిమిషముల నోపికతో కనిపెట్టుకొని యుండు వైద్యుడు కావలెను. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి యను నాలుగింటికిని కలిపి ఒకే విరుగుడు మందు గుఱ్ఱముల రక్తమునుండి తయారగుచున్నది. దానికి వలసిన విషములో చాల భాగము చెన్నపట్టణమునకు సమీపమున ఇరుల జాతివారు 1978లో ఏర్పరచుకొన్న సహకార సంఘమునుండి లభించుచుండుట మన పిల్లలు తెలిసికొనదగిన విశేషము. పాములు పట్టుటలో వారికి గల నేర్పు నేడు దేశమునకంతకును ప్రాణదానము చేయుచున్నది.

పురుగుమందు మ్రింగినవారి విషయమున గూడ ఇంతే. కంటిపాప సూదిమొనవలె చిన్నదగును, నోట చొల్లు కారును, చెమట పట్టును, ఊపిరితిత్తులలో నీరు నిండి మనిషి తన నీటిలో తానే మునిగిపోవును. అట్రోపిను అను మందును ఇంత యని ముందుగా లెక్కకట్టి యిచ్చుటతో సరిపోదు. రొమ్ములోని గురగుర పోయి ఊపిరితిత్తులు పొడియగువరకు, కొలది నిమిషముల కొకమారు, ఇచ్చుచుండవలెను. రెండు మూడు దినములు గడచి, గండము తప్పినదని యింటివారు సంతోషించునప్పుడు మెడకండరములును, ఊపిరి కండరములును మరల బలహీనమగుట కూడ కలదు. ఈ రెండవ గండమును ముందే యెఱిగి కాచుకొనియుండుట శిక్షణ ఫలమే. (తలిదండ్రులకు ఒకమాట: అట్టివారిచే ఉప్పునీరు త్రాగించి వాంతి చేయించుట కూడదు. ఆ వాంతి ఊపిరితిత్తులలోనికి బోయి కీడు నెక్కువ చేయును.)

ఒకేమారు పదిమంది గాయపడి వచ్చినప్పుడు ముందెవరిని చూడవలెను? బిగ్గరగా నేడ్చువానినా, ధనవంతునినా, వరుసలో మొదట వచ్చినవానినా? ఈ ప్రశ్నకు నెపోలియను సైన్యములోని లారే యను శస్త్రవైద్యుడు సమాధానము చెప్పెను. హోదాను గాని, స్వపక్షము పరపక్షమను భేదమును గాని యెంచక, గాయముయొక్క తీవ్రతనుబట్టియే ముందువెనుకలు నిర్ణయింపవలెనని యతని విధానము. గుఱ్ఱపుబండ్లపై యుద్ధరంగమునుండి క్షతగాత్రులను త్వరగా తెచ్చుపద్ధతిని ఏర్పరచినవాడును అతడే. నేటి ఆసుపత్రులలో ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులతో రోగులను వేరుపరచు పద్ధతికి మూలమదియే. బిగ్గరగా నరచువాడు సాధారణముగా ఊపిరి గలవాడే. మూలను కదలక పడియున్నవానినే మొదట చూడవలెను.

ఇంత పని గలిగియు ఈ విద్య వైద్యశాస్త్రములో ప్రత్యేక శాఖగా నేర్పడుట చాల ఆలస్యముగా జరిగినది. ఇంగ్లాండులోను, అమెరికాలోను, మన దేశములోను గూడ క్యాజువాలిటీ గది యనగా అందరికంటె చిన్నవైద్యుడు కూర్చుండు చోటుగ నుండెను. పెద్దవైద్యులు తమ తమ వార్డులలో నుందురు. నిన్న పట్టా పుచ్చుకొన్నవాడు వాకిట నుండును. ఆలోచించి చూడగా ఇది తలక్రిందులైన యేర్పాటు. పాఠశాలలో పదవ తరగతికి అనుభవశాలియైన యుపాధ్యాయునిబెట్టి, అక్షరములు నేర్పు తరగతిని ఎవరికో యొప్పగించినట్లున్నది. ఇంగ్లాండులోని లీడ్సు నగరమున 1952లో మారిస్ ఎల్లిస్ అను వైద్యుడు ఈ పనికే పెద్దవైద్యుడుగా నియమింపబడెను. 1967లో ఆ దేశపు క్యాజువాలిటీ వైద్యులు సంఘముగ నేర్పడిరి. అమెరికాలోని అలెగ్జాండ్రియా పట్టణమున 1961లో జేమ్సు మిల్సు అను వైద్యుడు మరికొందరు వైద్యులతో గూడి, తన వైద్యవృత్తిని మానుకొని, ఆసుపత్రి వాకిటిపనినే రేయింబగళ్లు వంతులవారీగా చేయ నారంభించెను. 1968లో అచ్చటి వైద్యులు కళాశాలగా నేర్పడిరి. 1970లో సిన్సినాటి విశ్వవిద్యాలయమున మొదటి శిక్షణ ప్రారంభమయ్యెను. 1979లో ఆ శాఖ అధికారముగా గుర్తింపబడెను. మన భారత వైద్యమండలి దీనిని గుర్తించుటకు మరి ముప్పదియేండ్లు పట్టెను.

ఈ సందర్భమున మిషను ఆసుపత్రులను స్మరింపక తప్పదు. పందొమ్మిదవ శతాబ్దపు చివర లండను మిషనువారు జమ్మలమడుగులో స్థాపించిన కాంబెల్ ఆసుపత్రియును, 1900లో ఐడా స్కడ్డరు దొరసాని రాయవేలూరులో ఆరంభించిన వైద్యశాలయును ఎట్లు నడచినవి? ఎముక విరిగినను, కానుపు కష్టమైనను, పాము కఱచినను, కండ్లలో పొర వచ్చినను అన్నిటికిని ఒక్కరిద్దరు వైద్యులే దిక్కు. వేరొక నిపుణునివద్దకు పంపుదమన్న దగ్గరలో నిపుణుడు లేడు. వారికి విస్తారమైన నేర్పు అవసరమువలన గలిగెను. తరువాతి కాలమున వైద్యము శాఖోపశాఖలుగా చీలి, ఒక్కొక్క శాఖలో జ్ఞానము లోతైనది, సంతోషమే. కాని వాకిట నిలుచు వైద్యునికి గావలసిన ఆ వైశాల్యము తగ్గిపోయినది. పోయినదానిని శాస్త్రోక్తమైన శిక్షణతో మరల సంపాదించుటకే ఈ క్రొత్త శాఖ యేర్పడినదని నా యభిప్రాయము. ఆ రాయవేలూరి క్రైస్తవ వైద్యకళాశాలలోనే నేడు అత్యవసర వైద్యమున ఎం.డి. చదువు కలదు. మనవారికి మరింత చేరువగా తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థలోను, దూరమైనను తెలుగువారిదే యగు హైదరాబాదు నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలోను గూడ కలదు.

ఇక మార్గము. పదవ తరగతి ముగిసిన పిమ్మట ఇంటర్మీడియటులో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదువవలెను. తరువాత దేశమంతటికి ఉమ్మడిగా జరుగు నీట్ పరీక్షలో మంచి స్థానము పొంది ఎం.బి.బి.ఎస్. చదువున చేరవలెను. మన జిల్లాలో కడప ప్రభుత్వ వైద్యకళాశాల 2006లో ఆరంభమయ్యెను. ఆ చదువు నాలుగున్నర సంవత్సరములు. ఆ మీద ఒక సంవత్సరము అన్ని విభాగములలోను తిరిగి పనిచేయవలెను. అట్లు పనిచేయువారినే హౌస్ సర్జను లందురు. ఆ సంవత్సరములో అత్యవసర విభాగమునకు నియమింపబడిన కాలము రెండు వారములు మాత్రమే. పండ్రెండు నెలలలో రెండు వారములు! ఎం.బి.బి.ఎస్. ముగించిన యువవైద్యుడు ఒంటరిగా రాత్రి విధిలో నున్నప్పుడు తడబడినచో అతనిని నిందించుటకు ముందు ఈ సంఖ్యను తలచుకొనవలెను.

అటుపిమ్మట పి.జి. నీట్ పరీక్ష. అందులోని స్థానమునుబట్టి రెండు దారులున్నవి. ఒకటి వైద్యకళాశాలలో ఎం.డి.; రెండవది జాతీయ పరీక్షామండలివారు గుర్తించిన ఆసుపత్రులలో డి.ఎన్.బి. ఈ రెండవ దారి అత్యవసర వైద్యమునకు 2013లో తెరవబడినది. రెండును మూడేసి సంవత్సరములే. ఇంటర్మీడియటు ముగిసిన నాటినుండి లెక్కించిన మొత్తము ఎనిమిదిన్నర సంవత్సరములగును. పరీక్షలకు తయారగుటలో పోవు కాలము దీనికి అదనము. పేదకుటుంబముల తలిదండ్రులు ఈ లెక్కను ముందుగనే యెఱుగుట మంచిది.

ఆ మూడేండ్లలో నేర్చునదేమి? విద్యార్థి తన శాఖలోనే కూర్చుండడు. మత్తువైద్యులకడ గొంతులో గొట్టము వేయుట, తీవ్రచికిత్సా విభాగమున వెంటిలేటరు నడపుట, ఎముకలవారికడ కీలు తప్పినదానిని సరిచేయుట, ప్రసూతివారికడ అకస్మాత్తుగా వచ్చిన కానుపు చేయుట, పిల్లల విభాగమున ఒక్క కిలో, రెండు కిలోల శిశువునకు మందు కొలిచి యిచ్చుట, హృద్రోగ విభాగమున ఇ.సి.జి. చదువుట నేర్చుకొనును. రొమ్ములో గాలి చేరి ఊపిరితిత్తి నణచివేసినప్పుడు సూదితో దానిని వెడలించుట, అల్ట్రాసౌండుతో కడుపులోని రక్తస్రావమును మంచముకడనే కనిపెట్టుట అభ్యసించును. పక్షవాతము వచ్చిన నాలుగున్నర గంటలలోపల రక్తపుగడ్డను కరగించు మందు ఇయ్యవచ్చునో కూడదో నిర్ణయించుట నేర్చును. ఇచ్చట తొందరపాటును, ఆలస్యమును రెండును ప్రాణాంతకములే. చేసిన ప్రతి పనిని ఒక పుస్తకములో వ్రాసి పెద్దవైద్యునిచే సంతకము చేయించుకొనవలెను. పరిశోధన వ్యాస మొకటి సమర్పింపవలెను. చివర వ్రాతపరీక్షయు, రోగుల యెదుట పరీక్షయు నుండును. మరణవార్తను బంధువులకు చెప్పుట కూడ ఈ విద్యలో భాగమే. నిలువబడి వాకిటనే చెప్పరాదు, కూర్చుండబెట్టి, "చనిపోయెను" అను మాటను దాచక, మెల్లగా చెప్పవలెను.

పి.జి. విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రులలో పనిచేయవలెనను నియమము 2020లో వచ్చినది. ఇది మన ప్రొద్దుటూరివంటి చోట్లకు మేలుచేయునది. పెద్దనగరమున నన్ని యంత్రములమధ్య నేర్చిన విద్యార్థికి, యంత్రములు తక్కువైనచోట బుద్ధితో వైద్యము చేయు విధము అచ్చటనే తెలియును.

ఎం.డి. పిదప కోరినవారు తీవ్రచికిత్సలో డి.ఎం. చదువవచ్చును. బ్రిటను పోగోరువారికి రెండేండ్ల ప్రాథమిక శిక్షణయు ఆ మీద ఆరేండ్ల శాఖాశిక్షణయు గలవు. అచ్చటి రాయల్ కళాశాల పరీక్షలు వ్రాసి పనిచేయు తెలుగువైద్యులు పలువురు గలరు. అమెరికాలో ఆ శిక్షణ మూడు లేక నాలుగేండ్లు. మన దేశమున కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు విదేశ విశ్వవిద్యాలయముల తోడ్పాటుతో మూడేండ్ల తరగతులు నడుపుచున్నవి. అందలి శిక్షణ మంచిదే కావచ్చును. కాని జాతీయ వైద్య కమీషను గుర్తించిన పట్టాల పట్టికలో లేని పట్టాతో వైద్యకళాశాలలో అధ్యాపకుడగుటకు వీలులేదు. కావున రుసుము చెల్లించుటకు ముందు "ఈ పట్టా కమీషనువారి పట్టికలో నున్నదా? దీనిని నా పేరున అదనపు యోగ్యతగా నమోదు చేయుదురా?" అని వ్రాతమూలముగ నడిగి తెలిసికొనవలెను.

ఈ శాఖకు గల కష్టములను దాచుట న్యాయము గాదు. రాత్రివిధులు జీవితమంతయు నుండును. స్వంత వైద్యశాల పెట్టుకొని పేరు ప్రతిష్ఠలు గడించుటకు వీలు తక్కువ. కోలుకొన్న రోగి వార్డులో తన్ను చూచిన వైద్యునే జ్ఞాపకముంచుకొనును గాని వాకిట చూచినవానిని గాదు. దుఃఖముతో మతిదప్పిన బంధువుల దూషణలు మొదట పడునది వీరికే. వీటన్నిటికంటె పెద్దది ప్రభుత్వనియమముల చంచలత్వము. ప్రతి వైద్యకళాశాలలోను అత్యవసర వైద్యశాఖ తప్పక యుండవలెనని 2020లో జాతీయ వైద్య కమీషను నియమము చేసెను. 2023లో వెలువడిన క్రొత్త నియమావళిలో ఆ శాఖను తప్పనిసరి శాఖల పట్టికనుండి తొలగించెను. ఆ శాఖవైద్యులు దీనికి అభ్యంతరము తెలిపిరి. క్యాజువాలిటీ గది ఎట్లును ఉండునుగదా, వేరు శాఖ యేల యని కొందరి వాదము. గది యుండుట వేరు, ఆ గదిలో నేర్పు గురువుండుట వేరు. శాఖ లేనిచో ఆచార్యుని యుద్యోగముండదు. ఆచార్యుడు లేనిచో ఎం.డి. స్థానములుండవు, హౌస్ సర్జను గడుపు ఆ రెండు వారములును ఎవరివద్దనో తెలియకయే గడచిపోవును.

డాక్టరగుటకు వీలుపడనివారికిని ఈ రంగమున తావు కలదు. 2005 ఆగష్టు 15వ తేదీన హైదరాబాదులో ఆరంభమైన 108 సేవ తెలుగుదేశమునుండియే తక్కిన రాష్ట్రములకు వ్యాపించినది. ఆ బండిలో ఇద్దరుందురు. నడపువానిని పైలట్ అందురు. రోగిప్రక్క కూర్చుండువారు అత్యవసర వైద్యసాంకేతికులు. జీవశాస్త్రము చదివిన పట్టభద్రులును, నర్సింగు చదివినవారును ఆ శిక్షణ పొందుచున్నారు. 2007 మొదలు అమెరికాలోని స్టాన్ఫర్డు విశ్వవిద్యాలయపు వైద్యులు హైదరాబాదు వచ్చి అట్టివారికి శిక్షణ నిచ్చుటలో తోడ్పడిరి. రక్తము కారుచోట నొక్కిపట్టుట, మెడ కదలకుండ కట్టుట, ప్రాణవాయువు నిచ్చుట, దారిలోనే కానుపు చేయుట వీరి పని. చెన్నూరు వంతెన దాటునప్పటికే వీరు ఫోనుద్వారా వైద్యునితో మాటలాడి, రోగి స్థితి తెలిపి, అతని సలహా పొందుదురు. ఆ ఫోనుకు బదులు చెప్పు గొంతుక శిక్షణ పొందిన వైద్యునిదైనచో, బండి ఆసుపత్రి చేరకముందే చికిత్స మొదలైనట్లే.